ఔయాంగ్ గారి ఎర్రముద్ర

ఆ చైనా పట్నపు ఆసుపత్రిలో మరణపత్రాలు రాసే ఔయాంగ్ గారు మాస్కు కిందికి లాగి, అలుక్కుపోకుండా ముద్ర మీద మూడుసార్లు ఊది, బొట్టు పెట్టినంత భక్తిగా కాగితం మీద ఎర్రగా వేస్తారు. మహమ్మారి ముదిరిన ఆ శీతాకాలం కిటికీ ముందు బారు ఎంత పెరిగినా, ఆయన కాగితాల్లో మహమ్మారితో ఒక్కరూ పోలేదు, అందరికీ గుండెజబ్బే. “మా నాన్నకొచ్చింది జ్వరమండీ, గుండెజబ్బు కాదు!” అని ఒకావిడ మొత్తుకుంటే, “ఆఖరికి ఆగింది గుండేగా తల్లీ?” అన్నారు, తల ఎత్తకుండానే.

మంగళవారం ఆయన భార్య అదే జ్వరంతో పోయింది. ఈసారి ఆయనే బారులో నిలబడి, కిటికీ అవతలున్న తోటి గుమాస్తాతో గొంతు తగ్గించి అన్నారు: “అసలు జబ్బు పేరు రాయవయ్యా తాన్. ఆవిడ గుండెకేం? రోజూ ఆరంతస్తులు ఎక్కేది.”

“ఆఖరికి ఆగింది గుండేగా మాష్టారూ? మీరు నేర్పిందే!” అంటూ తాన్ ముద్ర గుద్ది ఇచ్చాడు.

ఔయాంగ్ గారు ముద్ర అలుక్కుపోయిన కాగితాన్ని వెనక్కి తోసి, “ముందు ఊదాలయ్యా,” అన్నారు.