పాలలో కలిపిన మాత్ర

కరోనా తగ్గిన మరుసటి ఏడాది. కోయంబత్తూరులో మందుల నాణ్యత పరీక్షించే ఒక ప్రైవేటు ల్యాబ్‌లో నేను అనలిస్టును. ఒక సోమవారం ఉదయం, దగ్గర్లోని కారమడై ఊళ్ళో మెడికల్ షాపు నడిపే రంగసామి అన్న వచ్చాడు. శనివారాల భజన గోష్ఠిలో మాకు పరిచయం. చేతిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ మాత్రలు. ఒకటి తన అక్క ఇంటి నుంచి తెచ్చిన సగం స్ట్రిప్పు, ఇంకొకటి షాపులోని అదే బ్యాచ్ నిండు స్ట్రిప్పు.

"ఇవి డూప్లికేటా కాదా చూసి చెప్పవలె అమ్మణీ. మా అక్క నాతో మాట్లాడేది నిలిపేసె."

అక్క లక్ష్మమ్మకు మూత్రంలో ఇన్‌ఫెక్షన్. ఐదు రోజులు మింగినా జ్వరం తగ్గలేదు. సొంత తమ్ముడే దొంగ మాత్రలు అంటగట్టాడని ఆవిడ వీధిలో అందరికీ చెప్పేసింది.

మాత్రలను పొడి చేసి, కరిగించి, ఆటోమేటెడ్ వోల్టామెట్రీ యంత్రంలో పెట్టాను. ద్రావణంలో ముంచిన ఎలక్ట్రోడ్‌కు వోల్టేజీ కొద్దికొద్దిగా పెంచుతూ పోతే ఒకచోట మందు అణువులు ఎలక్ట్రాన్లను వదులుతాయి. అక్కడ కరెంటు గీత చిన్న కొండలా లేస్తుంది. దాన్ని పీక్ అంటాం. దాని ఎత్తును బట్టి మందు ఎంతుందో తెలుస్తుంది. కప్పులు మార్చడం, ఎలక్ట్రోడ్ కడగడం, తెలిసిన మోతాదు కలిపి మళ్ళీ కొలవడం, అన్నీ యంత్రమే చేసుకుంటుంది. నామస్మరణ చేసుకుంటూ చూడడమే నా పని.

రెండు స్ట్రిప్పుల్లోనూ మందు పూర్తిగా ఉంది. అన్న రిపోర్టు మడిచి జేబులో పెట్టుకున్నాడు, కానీ కుర్చీలోంచి లేవలేదు.

"మందు సరిగానే ఉండాది. అట్లైతే అక్కకు ఎందుకు తగ్గలే?"

ఆవిడనే అడిగి చూద్దామన్నాను. ఆ సాయంత్రం ఇద్దరం లక్ష్మమ్మ ఇంటికి వెళ్ళాం.

"ఏమ్రా, సాక్షిని పిలుచుకొని వస్తివా?" అంది లక్ష్మమ్మ.

మాత్ర ఎలా వేసుకుంటారో చూపించమన్నాను. వెండి గిన్నెలో పాలు పోసి, అందులో మాత్ర నలిపి, రంగనాథుడి పటం ముందు పెట్టి దండం పెట్టుకుంది. "ఆయనకు చూపించక నేనేదీ నోట్లో పెట్టను. ఉత్త మాత్రను ఎట్ల పెట్టేది? అందుకే పాలు."

నవ్వు రాలేదు. మా ఇంట్లోనూ అదే పద్ధతి. పాలలోని కాల్షియం ఈ మందును ఉడుంపట్టు పట్టి, రక్తంలోకి సరిగా చేరనివ్వదని చెప్పాను.

"పెరుమాళ్ళకు పెట్టిన పాలు మందును చెరిపేస్తాయా?"

"పాల తప్పు లేదక్కా. భక్తితో ఇస్తే నీళ్ళైనా చాలని గీతలో సామే చెప్పె కదా. మాత్రకు తీర్థం పెట్టండి. పాలు వేరే పొద్దులో పెట్టండి" అన్నాను.

లక్ష్మమ్మ పటానికి మళ్ళీ దండం పెట్టింది. "అవును, నీళ్ళకే సంతోషపడేవాడు" అని, తమ్ముడి వైపు తిరిగింది. "నువ్వెందుకు చెప్పలేదురా?"

"నువ్వు పాలలో నలుపుతావని నాకెట్ల తెలిసేది అక్కా? తిన్నాక వేసుకోమంటిని, అంతే. దేంతో అని అడగలే. అది నా తప్పే."

మర్నాడు డాక్టరుకు సంగతి చెబితే ఆయన కోర్సు మొదటి నుంచి రాశారు. వారంలో జ్వరం పోయింది. లక్ష్మమ్మ అదే వీధిలో అందరికీ తానే చెప్పింది: "మావాడి మాత్ర మంచిదే. నేనే పాలు పోసి చెరిపితిని."

అంతవరకు మాత్రలో మందు సరిపోతే నా బాధ్యత తీరిందనుకునేదాన్ని. ఇప్పుడు మందు పనిచేయలేదని ఎవరు వచ్చినా, శాంపిల్ అందుకునే ముందే దేంతో మింగుతున్నారని అడుగుతాను. రిపోర్టులో తన పేరు నిలబడ్డా, అక్కకు తగ్గలేదని కదలకుండా కూర్చున్న ఆ తమ్ముడి వంటివారిని స్వామి నా బల్ల ముందుకు ఇంకా పంపుగాక.