ఖాళీ ఉత్తరం

నా చిన్నప్పుడు మేము ఢిల్లీలో మునిర్కా దగ్గర ప్రభుత్వ క్వార్టర్లలో ఉండేవాళ్ళం. మా పై ఇంట్లో ఒక తాతయ్య ఉండేవారు. సొంత తాతయ్య కాదు. ఆ బ్లాకులో తెలుగు మాట్లాడే ఇళ్ళు రెండే కాబట్టి అలా పిలవడం అలవాటైంది. ఆయన గుమాస్తాగా చేరి సెక్షన్ ఆఫీసరుగా రిటైరయ్యారు. కానీ ఢిల్లీ తెలుగువాళ్ళెవరూ ఆయన్ని ఉద్యోగంతో గుర్తుపెట్టుకోలేదు. అందరికీ ఆయన 'పోస్ట్‌మాన్ గారు'.

ఆ పేరు ఒక నాటకం వల్ల వచ్చింది. గుంటూరు వైపు నుంచి ఉద్యోగానికి వచ్చిన కొత్తలోనే ఆయన వేషాలు వేయడం మొదలుపెట్టారట. తాగుబోతు తండ్రిగా, లంచగొండి కరణంగా, ఉరిశిక్ష పడ్డ వంటవాడిగా వేశారు. హైదరాబాదు, విశాఖ, భిలాయి పోటీల్లో బహుమతులు తెచ్చుకున్నారు. అన్నిటికన్నా నిలిచిపోయింది మాత్రం ముసలి పోస్ట్‌మాన్ వేషం. జీవితమంతా ఊరందరికీ ఉత్తరాలు పంచినవాడికి తనకంటూ ఒక్క ఉత్తరమూ రాదు. చివరి రంగంలో, అలిగి వెళ్ళిపోయిన కూతురు రాసిన ఉత్తరం వస్తుంది. కవరు చింపి, అరుగు మీద కూర్చుని, దాన్ని పైకి చదువుతాడు. ఆరేడు నిమిషాలు వేదిక మీద ఇంకెవరూ ఉండరు. ఆ కాసేపటి కోసమే జనం ఫరీదాబాద్ నుంచి కూడా బస్సులు మారి వచ్చేవారు.

ఆ ఉత్తరం ఎప్పుడూ ఖాళీ కాగితమే. అది ఆయన పట్టింపు. వేరే నటులు చేతిలో కాగితం ఉంటే చాలు, మాటలన్నీ దాని మీద రాసుకుంటారు. తాతయ్య రాసుకునేవారు కాదు, ఆ రంగానికి ప్రాంప్టింగ్ కూడా వద్దనేవారు. తెర పడ్డాక ఆ తెల్ల కాగితం తోటివాళ్ళ చేతుల్లో తిరిగేది. కొత్తగా చేరినవాళ్ళు దాన్ని వెలుతురుకు పెట్టి మరీ చూసేవారు.

నాకు పదేళ్ళు వచ్చిన చలికాలంలో ఆయనకి జబ్బు చేసింది. ఆసుపత్రి నుంచి వచ్చాక మనిషి బాగానే తిరిగేవారు గానీ మాటలు జారిపోయేవి. గ్లాసు కావాలంటే గ్లాసు వైపు చెయ్యి చూపించి ఆగిపోయేవారు. ఉగాదికి ఆ నాటకం వేయాలని అప్పటికే అనుకున్నారు. తాతయ్య నాటక బృందం డైరెక్టర్ అంకుల్ ఒకరోజు మా ఇంట్లో టీ తాగుతూ నాన్నతో అన్న మాటలు నేను వంటింట్లోంచి విన్నాను. "ఒక్కచోట ఆగిపోతే ఇన్నేళ్ళ పేరూ గంగలో కలిసిపోతుంది సార్. వేరేవాళ్ళని పెట్టుకుందామంటే వినరు. చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. ఈసారి తడబడితే ఇంక స్టేజి ఎక్కనన్నారు. ఇంట్లో కూర్చుంటే ఆ మనిషి ఏమైపోతాడో, అదీ భయమే."

ఆ వారంలోనే తాతయ్య నన్ను పైకి పిలిచారు. మా కాలనీ పిల్లల్లో తెలుగు రాయడం వచ్చినది నాకొక్కదానికే. అమ్మ పాత వారపత్రికలు పెట్టి నేర్పించింది. అన్నీ చదివేదాన్ని, మాట్లాడటమే తక్కువ. ఆయన తన నాటకం పుస్తకం ముందుపెట్టి, ఉత్తరం మొత్తం పెద్ద పెద్ద అక్షరాలతో రాసిపెట్టమన్నారు. ఆయన చెయ్యి వణుకుతోంది, అందుకని. నాటకం రోజు సామాన్ల బల్ల మీద ఉండే కవరులోంచి ఖాళీ కాగితం తీసేసి, నేను రాసింది పెట్టాలి.

"ఎవరికీ చెప్పకు. మీ అమ్మకి కూడా. నువ్వైతే ఎవరూ పట్టించుకోరు, పిల్లిలా తిరుగుతావు," అన్నారు. పొగిడారో తిట్టారో తెలియలేదు. తలూపాను.

ఉగాది సాయంత్రం హాలు ఆరింటికే నిండింది. ఆ బృందానికి ఒక ఆచారం ఉండేది. నాటకంలో వాడే ప్రతి వస్తువునీ, కర్ర నుంచి కళ్ళజోడు దాకా, ఒక బల్ల మీద పేర్చి, దేవుడి పటం ముందు పెట్టి కొబ్బరికాయ కొట్టేవారు. పూజ అయిన వస్తువుని దాన్ని వాడే నటుడు తప్ప ఇంకెవరూ ముట్టుకోకూడదు. నాకు ఈ సంగతి తెలియదు. తాతయ్యకి చెప్పాలని తోచి ఉండదు. నేను వెళ్ళేసరికి కవరు జిగురుతో అంటించి ఉంది. మీద కుంకుమ బొట్టు కూడా ఉంది. పక్కనే సామాన్లు చూసుకునే అంకుల్ కాపలాగా కూర్చున్నారు.

నా నోటుబుక్కులో నేను రాసిన ఉత్తరం ఉంది. మూడుసార్లు ఆ బల్ల దాకా వెళ్ళాను. 'అంకుల్, ఆ కవరు ఒకసారి ఇస్తారా' అనాలి, అంతే. మూడోసారి ఆయనే తలెత్తి, "ఏంటి బేటా, ఆకలేస్తోందా? ఇదిగో, సమోసా తిను," అని చేతిలో పెట్టారు. నేను సమోసా పట్టుకుని తిరిగి వచ్చేశాను.

తాతయ్యకైనా చెప్పవలసింది. ఆయన చుట్టూ ఎప్పుడూ ఎవరో ఒకరు ఉన్నారు. రంగం వెనక రంగం అయిపోతోంది. చివరి రంగానికి ముందు, ఖాకీ చొక్కా, తెల్ల మీసం, కవరు పట్టుకుని ఆయన నా పక్కనుంచే వెళ్ళారు. వెళుతూ వంగి, "అయిందా?" అన్నారు.

నేను తలూపాను. గట్టిగా, రెండుసార్లు.

తెర చాటు నుంచి చూస్తూ నిలబడ్డాను. నోటుబుక్కు చేతిలోనే ఉంది. ఆయన అరుగు మీద కూర్చుని కవరు చింపారు, కాగితం మడత విప్పారు. తెల్లటి కాగితం. ఆయన ముఖం నాకు పక్కనుంచి కనిపిస్తోంది, అందులో ఏ మార్పూ లేదు. "నాన్నా, నేను బాగున్నాను. నువ్వు తలుపు గడియ పెట్టడం ఇంకా మర్చిపోతున్నావా?" అన్నారు. జనం నవ్వారు. ఆ తర్వాత ఏమీ రాలేదు.

మొదట అందరూ అది నటనే అనుకున్నారు. పోస్ట్‌మాన్ గొంతు పూడుకుపోయిందనుకున్నారు. కాసేపటికి వెనక వరుసల్లో ఎవరో దగ్గారు. ఒక కుర్చీ కిర్రుమంది. డైరెక్టర్ అంకుల్ నా వెనక నిలబడి 'ఓరి దేవుడా, ఓరి దేవుడా' అని గొణుక్కుంటున్నారు. తెర తాడు పట్టుకుని ఉన్న హాలు మనిషి, "పర్దా గిరా దూఁ, సాబ్?" అని అడిగాడు. అంకుల్ చెయ్యి సగం లేచింది. ఆ చెయ్యి కిందికి దిగితే తెర పడుతుంది. తాతయ్య ఇంక ఎప్పుడూ వేషం కట్టరు. కారణం నా నోటుబుక్కులో ఉంది.

అప్పుడు తాతయ్య కళ్ళజోడు తీశారు. చొక్కా అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుని, కాగితాన్ని దూరంగా పట్టి చూశారు.

"ఊరందరి అడ్రసులూ చదివిన కళ్ళు," అన్నారు మెల్లగా. "నాదాకా వచ్చేసరికి అక్షరం ఆనడం లేదు." తరువాత తల తిప్పి, సూటిగా నేనున్న వైపు చూశారు. "కిందింటి అమ్మాయ్! ఇలా రా తల్లీ. ఇది కాస్త చదివిపెట్టు."

నాటకంలో కిందింటి అమ్మాయి లేదు. డైరెక్టర్ అంకుల్ అయోమయంగా నా వైపు చూశారు. "జా బేటా, బులా రహే హైఁ," అన్నాడు తాడు పట్టుకున్న మనిషి, నన్ను ఇంట్లోంచి ఎవరో పిలిచినంత మామూలుగా. బహుశా ఆ మామూలు గొంతు వల్లే వెళ్ళాను.

దీపాల వెలుతురులో జనం కనపడరని నాకు అప్పుడే తెలిసింది. నోటుబుక్కులోంచి ఉత్తరం తీసి, ఆయన చేతిలోని ఖాళీ కాగితం మీద పెట్టాను. మొదటి మాట దగ్గరే ఆగిపోయాను. తాతయ్య తొందరపెట్టలేదు. "చదువమ్మా. నాకు తొందరేం లేదు. ఇన్నేళ్ళు ఆగినవాణ్ణి," అన్నారు. అది పోస్ట్‌మాన్ అన్నాడో తాతయ్య అన్నారో ఇప్పటికీ చెప్పలేను.

చదివాను. నా గొంతు చాలా చిన్నది. మైకుకి అందేది కాదు. వినడానికి హాలంతా ఊపిరి బిగపట్టుకోవలసి వచ్చిందని అమ్మ తర్వాత చెప్పింది. తాతయ్య వేలు కాగితం అంచున నేను చదివే వరుస వెంట కదులుతూ వచ్చింది. ఆయన ముఖం నేను చూడలేదు. చూసినవాళ్ళు ఏళ్ళ తరబడి చెప్పుకున్నారు. కూతురు రాసిన మాటలు ఒక పసిపిల్ల గొంతులో వింటూ, ఒక్క మాటైనా లేకుండా ఆయన చేసినంత ఆ వేషంలో అంతకుముందెప్పుడూ చేయలేదట.

తెర పడ్డాక డైరెక్టర్ అంకుల్ పరిగెత్తుకొచ్చి, "గురువుగారూ, ఎంత పెద్ద మార్పండీ! ముందే ఒక మాట చెప్పి ఉండొచ్చుగా, గుండె ఆగినంత పనైంది!" అన్నారు. తాతయ్య నవ్వారు. ఆరోజు ఖాళీ కాగితం ఎవరికీ చూపించలేదు.

అందరూ వెళ్ళాక, ఆయన మీసం ఊడదీసుకుంటుంటే నేను ఏడుస్తూ చెప్పాను. కవరులో కాగితం మార్చలేదని, అబద్ధంగా తలూపానని.

"తెలుసు. నిజంగా పని అయినవాళ్ళు అంత గట్టిగా తలూపరు," అన్నారు.

"మరి అప్పుడే అడగలేదేం?"

"అడిగితే ఏడుస్తావు. ఏడిస్తే ఎలా చదువుతావు?" అద్దంలోంచి నన్ను చూశారు. "అయినా, ముందు నా అంతట నేను చూద్దామనుకున్నా. రెండు వాక్యాలు వచ్చాయి. మూడు కూడానేమో?"

మూడు, అన్నాను. నిజానికి రెండే. ఈసారి ఆయన తలూపారు.

తర్వాత ఆ నాటకం ఆయన ఇంకో రెండుసార్లు వేశారు. రెండుసార్లూ కిందింటి అమ్మాయిని నేనే. ఆ తర్వాత వేషాన్ని ఆయనే ఇంకొకరికి అప్పగించారు. ఎవరూ లాక్కోలేదు.

నా సిగ్గు పోలేదు. ఈ సంగతి కూడా డైరీలో రాసుకుంటున్నాను తప్ప ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు గురుగ్రామ్‌లో ఉద్యోగం. మీటింగుల్లో నా మైకు ఎప్పుడూ మ్యూట్‌లోనే ఉంటుంది. కిందటి నెల మా టీములో కొత్తగా చేరిన అమ్మాయిని, రిపోర్టు అయిందా అని అడిగాను. "హో గయా దీదీ," అంటూ తలూపింది. గట్టిగా, రెండుసార్లు.

నేనింకేమీ అడగలేదు. కుర్చీ లాక్కుని ఆ అమ్మాయి పక్కన కూర్చున్నాను.