ద్వీపం కోసం ప్రార్థన మనవి

నాకు అప్పటికి తెలిసిన ద్వీపాలు రెండే. రెండూ వాక్యంలో, అంటే బైబిల్లో, చదివినవే. ఒకదాని ఒడ్డుకు అపొస్తలుడు ఓడ పగిలి, తడిసి వణుకుతూ చేరాడు. రెండోదానికి ముసలి శిష్యుణ్ని వెలివేశారు. ఇద్దరిలో ఎవరూ ఇష్టపడి వెళ్లలేదు. అందుకే మా ఆయన ఒక ఉదయం ఆఫీసు నుంచి రంగుల కాగితం తెచ్చి, "అండమాన్‌ల ఒక ద్వీపముందట, పోయి ఊకె ఉండొద్దాం" అన్నప్పుడు నాకు సంతోషం కంటే ముందు ఆశ్చర్యం కలిగింది. ఊరికే ఉండటానికి అంత దూరం ఎవరైనా వెళ్తారా?

అప్పుడు మేము చిన్న మంగళారంలో ఉండేవాళ్లం. నేను చేవెళ్లలో ఒక బడిలో పాఠాలు చెప్పేదాన్ని. ఆయనకు నగరంలో సాఫ్ట్‌వేర్ కంపెనీలో రాత్రి డ్యూటీ. తెల్లవారుతుండగా ఆఫీసు క్యాబ్ మొయినాబాద్‌లో దింపేది. అక్కడ పెట్టిన బండి తీసుకొని ఇంటికొచ్చేవాడు. కిటికీకి దుప్పటి కట్టి పడుకునేవాడు. కానీ పగలు నిద్ర ఎక్కడ? మా వైపు పొలాలు ప్లాట్లుగా మారుతున్న రోజులవి. పక్కన ఫామ్‌హౌస్ గోడ కడుతుంటే రాళ్లు దింపే ట్రాక్టర్లు, బోరు బండ్లు. శనివారం రాత్రి సెలవే కానీ తెల్లారితే ఆరాధన ఉంది. ఎనిమిదేళ్ల వయసులో డోలక్ ముందు కూర్చోబెట్టారట ఆయన్ని. అప్పటినుంచి మా సంఘంలో పాట ఎత్తితే చెయ్యి ఆయనదే. శనివారం సాయంత్రం సాధన, ఆదివారం ఆరాధన, మధ్యాహ్నం ఎవరింట్లోనో కృతజ్ఞతా కూటం.

ఒకరోజు పొద్దున బండి మీద వస్తూ కళ్లు తెరుచుకునే నిద్రపోయాడు. మెలకువ వచ్చేసరికి బండి టమాటా మడిలో ఉంది. దెబ్బలు తగల్లేదు. ఒంటి నిండా బురదతో వాకిట్లో నిలబడి, "ఎవరికీ చెప్పకు" అన్నాడు. చేవెళ్ల దవాఖానలో డాక్టరు చీటీ మీద మందులేమీ రాయలేదు. "నిద్ర పోనియ్యండమ్మా ఈ మనిషిని. ఈసారి మడి ఉండదు, లారీ ఉంటది" అన్నాడు.

సరిగ్గా ఆ తరువాతే కంపెనీ ఏదో బహుమతి కింద ఇద్దరికి ద్వీపం మీద రిసార్టులో బస ఇచ్చింది. రంగుల కాగితం మీద రెండు కొబ్బరిచెట్ల మధ్య వల ఊయల, అందులో ముఖం మీద టోపీ పెట్టుకొని పడుకున్న ఒకామె. ఆ బొమ్మను ఎన్నిసార్లు చూశానో. ఆమెకు వంట ఎవరు చేస్తున్నారు? ఏం ఆలోచిస్తోంది? ఎప్పుడు లేస్తుంది? లేచాక ఏం చేస్తుంది?

ప్రయాణం ఏర్పాట్లు చూసే ట్రావెల్స్ అమ్మాయి ఫోన్ చేసింది. మా ఆయన స్పీకర్ పెట్టాడు.

"సార్, రెండో రోజు స్కూబా పెట్టమంటారా, గాజు పడవా?"

"ఏదొద్దు."

"మూడో రోజు పక్క దీవికి?"

"ఏదొద్దమ్మా."

"మరి లీజర్ అని రాస్తా సార్. నాలుగో రోజు?"

"అది గూడ గదే రాయి."

"సార్, అన్ని రోజులూ లీజరేనా? వెళ్లాక బోర్ కొట్టిందంటే నా మీదికి రావద్దు సార్" అంది.

నాకూ అదే సందేహం. ఏమీ చేయకుండా ఉండటం నాకు చేతనవునా? ఒక శనివారం మధ్యాహ్నం వాకిట్లో కుర్చీ వేసుకొని, చేతిలో ఏమీ పెట్టుకోకుండా కూర్చున్నాను. కాసేపటికే పక్కింటావిడ గోడ మీదుగా, "ఏమైందక్కా, ఒంట్ల బాగలేదా?" అని అడిగింది. లేదంటే నమ్మలేదు. మిరియాల కషాయం కాచి తెచ్చింది. తాగాను. ఇక కూర్చోవడం కుదరలేదు, ఆమె గ్లాసు కడగాలి కదా.

నేను సంఘంలో పుట్టి, సంఘంలో పెరిగినదాన్ని. నాకు అక్షరాలు వచ్చింది సండే స్కూల్లో. ఏ ప్రయాణమైనా, పరీక్షైనా, పెళ్లిచూపులైనా ముందు స్త్రీల కూటంలో ప్రార్థన మనవిగా చెప్పడం మాకు అలవాటు. ఒకసారి చెప్పాక ఆ మనవి నీ ఒక్కదానిది కాదు. ఆ వారమంతా ఇంటింటా దాన్ని దేవుని ముందు పెడతారు. పని అయ్యాక నిలబడి సాక్ష్యం చెప్పాలి. చెప్పకపోతే అడుగుతారు. ఆ గురువారం కూటంలో నేను లేచి, "మేమిద్దరం అండమాన్ ద్వీపానికి పోతున్నం, ప్రయాణం క్షేమంగా జరగాలని ప్రార్థించండి" అన్నాను.

మా అవ్వ ముందు తలెత్తింది. మా అవ్వ అంటే అందరికీ అవ్వే. గులాబీ తోటల్లో పూలు కోసి కోసి నడుము వంగిపోయింది. ఆరాధనలో గుమ్మం పక్కనే కూర్చుంటుంది. కునికే వాళ్ల భుజం మీద తాటాకు విసనకర్ర కాడతో తట్టడం తన బాధ్యత అనుకుంటుంది. చిన్నా పెద్దా చూడదు. ఒకసారి బయటినుంచి వచ్చిన అతిథి ప్రసంగికుణ్ని కూడా తట్టింది.

"ద్వీపంల పెద్ద దవాఖానున్నదా బిడ్డా?" అంది.

"దవాఖానకు కాదవ్వా. రెస్టుకు."

"రెస్టుకా? గంత దూరమా? మీ ఇంట్ల మంచం లేదా?"

అందరూ నవ్వారు. ఒకామె ముందుకు జరిగింది. "అక్కా, ఆడ వంటెవరు జేస్తరు?"

"వాళ్లే."

"గిన్నెలు?"

"వాళ్లే తోముతరు."

"మరి నువ్వేం జేస్తవ్?"

"ఏం జెయ్య."

"అమ్మో! నాకైతే రెండోనాడే పిచ్చి లేస్తది."

"నన్ను తోల్కపో అక్కా, నాకు లేవదు" అంది వెనకనుంచి ఇంకొకామె.

ఆ మాట ఆదివారానికల్లా అయ్యగారి దాకా వెళ్లింది. మా పాస్టరుగారిని మేము అయ్యగారు అంటాం. ఆరాధన అయ్యాక మెరిసే కళ్లతో నా దగ్గరికొచ్చాడు. తనతోపాటు పాస్టరు సేవకు చదువుకున్న స్నేహితుడు పోర్ట్ బ్లెయిర్‌లో తెలుగు సంఘం నడుపుతున్నాడట. అయ్యగారు అప్పుడే అతనికి ఫోన్ కూడా చేశాడు.

"దేవుడు తలుపు తెరిచిండమ్మా. మూడు సాయంత్రాలు కూటాలు పెడ్తరట. నువ్వు స్త్రీలకు వాక్యం చెప్పు. తమ్ముడు డోలక్." తమ్ముడంటే మా ఆయన.

నిజం చెప్పాలంటే నా మనసు తేలికపడింది. ఖాళీగా భయపెడుతున్న ఆ రోజుల్లో పెట్టడానికి ఏదో దొరికింది. ఏ అధ్యాయం చెప్పాలో ఇంటికి నడుస్తూనే అనుకున్నాను. మర్నాడు పొద్దున ఆయన గడప మీద కూర్చొని బూట్లు విప్పుతుంటే ఉత్సాహంగా చెప్పాను. ఒక బూటు చేతిలో పట్టుకొని ఆగిపోయాడు.

"డోలక్ గూడ తీస్కపోవాల్నా?"

"వద్దట. ఆడ ఉన్నదట."

"సరె" అన్నాడు. ఆ బూటు పక్కన పెట్టి, రెండోది విప్పకుండానే లోపలికి వెళ్లి గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

గొడవపడితే నేనూ గొడవపడేదాన్ని. ఆ 'సరె' మాత్రం బడిలో ఉన్నంతసేపూ నన్ను వదల్లేదు.

ఆ వారం సండే స్కూలు పాఠం ఎడారిలోకి పారిపోయిన ప్రవక్త గురించి. చాలాసార్లు చెప్పిన పాఠమే. చెట్టు కింద పడుకొని ఇక చాలు, చనిపోతే బాగుండు అంటాడు. దేవదూత వచ్చి తట్టి లేపుతాడు. పిల్లలకు నేను ఎప్పుడూ ఆ తరువాతి భాగం, పర్వతం, గాలి, నిప్పు, వీటి గురించి చెప్పేదాన్ని. ఈసారి చెట్టు దగ్గరే ఆగిపోయాను. దూత ఏ పనీ చెప్పడు. రొట్టె, నీళ్లు. ప్రవక్త తిని మళ్లీ పడుకుంటాడు. దూత ఏమీ అనడు. మళ్లీ వచ్చి మళ్లీ అన్నమే పెడతాడు. ఆ మధ్యలో ఆ మనిషి ఎంతసేపు నిద్రపోయాడు? దూత అంతసేపూ ఎక్కడున్నాడు, పక్కనే కూర్చున్నాడా? వాక్యం చెప్పలేదు. ఇన్నేళ్లలో నేనూ అడగలేదు.

సాయంత్రం అయ్యగారింటికి వెళ్లాను.

"అయ్యగారూ, ఆ కూటాలు వద్దు."

"తమ్ముడు వద్దన్నడా?"

"లేదు. సరె అన్నడు. గందుకే వచ్చిన."

"దేవుని పని వద్దంటున్నవా అమ్మా? నువ్వు?"

ఆ 'నువ్వు' నాకు గట్టిగానే తగిలింది. "చెట్టు కింద పండుకున్న ప్రవక్తకు దూత మొదలు వచ్చి ఏం పని చెప్పిండయ్యా?" అని అడిగాను.

"లేచి తినుమన్నడు."

"మళ్ల వచ్చి?"

"తినుమనే అన్నడు."

"నడుమల?"

అయ్యగారు నవ్వేశాడు. "నా మీదికే వాక్యం తెచ్చినవ్. కని నేను మాటిచ్చినమ్మా, వాళ్లు ఊరంత చెప్పుకున్నరు. ఇగో, నువ్వే చెప్పు" అని నంబరు కలిపి ఫోన్ నా చేతిలో పెట్టాడు.

అవతల గొంతు కోస్తా తెలుగు. "వందనాలమ్మా! ఎప్పుడొస్తున్నారు? మా డోలక్‌కి కొత్త తాళ్లు కూడా బిగించేశాం."

అయినా అంతా చెప్పాను, టమాటా మడితో సహా. పక్కన అయ్యగారు ఆ సంగతి మొదటిసారి విని కుర్చీ అంచుకు జరిగాడు.

"పోనీ ఆదివారం ఆరాధనకైనా రారా?" అని అడిగాడు అవతలాయన.

"వస్తామండి. ఆదివారం ద్వీపం నుంచి పోర్ట్ బ్లెయిర్ వచ్చేస్తాం. కానీ ఆయన వాయించరు."

"ఎందుకు వాయించాలమ్మా? వెనక వరసలో కూర్చోండి. ఆయనెవరో ఇక్కడ ఎవరికి తెలుసు? లేవమని కూడా అనం." తరువాత ఆయనే నవ్వుతూ, "ఎప్పుడైనా నేను మీ ఊరొస్తే నన్నూ అలాగే కూర్చోనివ్వాలి మరి" అన్నాడు.

గురువారం కూటంలో మళ్లీ లేచాను. ఒకసారి చెప్పిన మనవిని మార్చుకోవడం మా దగ్గర ఎవరూ చేసిన పని కాదు. "ప్రయాణం గురించి ప్రార్థన చాలు. ఆయనకు నిద్ర పట్టాలని ప్రార్థించండి" అని బండి సంగతి చెప్పాను. ఎవరికీ చెప్పొద్దన్న మాట దాటినందుకు ఇంట్లో ఏమంటాడో అనుకుంటూనే చెప్పాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. అవ్వ మాత్రం కోప్పడింది.

"గీ ముచ్చట ముందుగాల చెప్పాలె గదా బిడ్డా! ద్వీపం, ద్వీపం అంటివి. మేం ఓడ మునగొద్దని మొక్కుతున్నం."

ఇంట్లో ఆయన కోప్పడలేదు. కూటాలు లేవని, అక్కడ ఆదివారం వెనక వరసలో కూర్చుంటే చాలని చెప్తే చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"వెనక కూసుంటే ఎట్లుంటది?"

"ఎట్లుంటదంటే?"

"నాకెట్ల తెలుస్తది? ఎన్నడన్న కూసున్ననా? వీపులే కనవడ్తయా?"

"వీపులు, జడలు."

"అయ్యగారు?"

"సగం. ముందు పొడుగోడు కూసుంటే అదీ లేదు."

చాలా రోజుల తరువాత ముఖమంతా నవ్వాడు. ఇంకా అడుగుతూనే ఉన్నాడు. పాట అక్కడికి ఎట్లా వినబడుతుంది, చప్పట్లు ఆలస్యంగా వస్తాయా, కళ్లు మూసుకుంటే ఎవరైనా చూస్తారా అని. ద్వీపం గురించి నేను ఎన్ని అడిగానో, వెనక వరస గురించి ఆయన అన్ని అడిగాడు. చివరికి, "ఆడికి పోయేముందు ఈడ ఒకసారి చూడాలె" అన్నాడు.

బయలుదేరే ముందు ఆదివారం డోలక్ ముందు వేరే అతను కూర్చున్నాడు. మా ఆయన మగవాళ్ల వైపు చివర, చెప్పుల పక్కన, గోడకు ఆనుకొని కూర్చున్నాడు. రెండో పాటలో దరువు తప్పింది. నేను వెనక్కి తిరిగి చూశాను. ఆయన వేళ్లు మోకాలి మీద సరైన దరువు ఎత్తుకున్నాయి. తరువాత ఆయనే ఆ చేతిని తీసి తొడ కింద పెట్టుకున్నాడు.

ప్రసంగం మధ్యలో మళ్లీ తిరిగాను. తల గోడకు ఆనింది, నోరు కొంచెం తెరుచుకుంది. గాఢంగా నిద్రపోతున్నాడు. అంతమంది మధ్యలో, మైకు మోగుతుండగా. గుమ్మం దగ్గర అవ్వ అప్పటికే విసనకర్ర తిప్పి కాడ ముందుకు పట్టుకుంది. మెల్లగా ఆయన వైపు వంగింది. నేను లేవబోయాను.

అవ్వ ఆయన ముఖంలోకి చూసింది. కాడ మళ్లీ తన చేతిలోకి తిప్పుకుంది. కూర్చున్నచోటినుంచి కొంచెం జరిగి, ప్రసంగం అయ్యేదాకా ఆయనకు విసురుతూ ఉంది.