ఇప్ప పువ్వు మీద నా ముఖం

ఒక అబద్ధాన్ని ఇన్నేళ్లూ మోశాను. ఇక నావల్ల కాదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, అందుకే చెబుతున్నాను. జాలిపడకండి. నా మీద నాకే ఒళ్లు మండిపోతోంది.

నంద్యాలలో నాకు వీడియో షాపు ఉండేది. సీడీలు కొత్తగా వచ్చిన రోజులు. ఒక ఆదివారం ఆళ్లగడ్డ నుంచి ఒక బడి సారు చర్చి అవగానే బస్సెక్కి వచ్చాడు. దుప్పట్లో చుట్టిన పాత కంప్యూటర్ ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు, టీవీకి తగిలించే రకం. తొంభైల్లో నల్లమల గూడెం పిల్లల కోసం దాని మీద చుక్క చుక్క పేర్చి అక్షరాలు, బొమ్మలు చేశాడు. ఇ అంటే ఇప్ప పువ్వు. ఎ అంటే ఎలుగుబంటి. బడికొచ్చిన కొత్త టీవీలో ఆ మిషన్ బొమ్మ రావడం లేదట, సీడీలోకి ఎక్కించమన్నాడు. అన్నీ పాటల క్యాసెట్టు లాంటి ఒకే ఒక క్యాసెట్టులో ఉన్నాయి, దాన్ని టేప్ రికార్డర్‌లో తిప్పి మిషన్‌లోకి ఎక్కించాలి. అదీ నలిగిపోయింది. పదకొండుసార్లు తిప్పితే ఒక్కసారి బొమ్మ వచ్చింది. మిషన్ ఆపితే పోతుంది.

ఆ మిషన్ వైరు నా కంప్యూటర్‌కు పెడితే బొమ్మ నిలవలేదు, పైకి జారిపోతోంది. నిలబెట్టే డబ్బా కర్నూలులో ఉందని నాకు తెలుసు. రెండు రోజులు ఆగాలి, అంతే. షాపులో ఇన్వర్టర్ ఉంది, మిషన్ ఆపకుండా ఉంచొచ్చు. కానీ సాయంత్రం శిరివెళ్లలో పెళ్లి వీడియో తీయాలి. సారును టీకి పంపి, పెళ్లిళ్ల కెమెరా టీవీ ముందు నిలబెట్టి తెరనే షూట్ చేసేశాను. చేస్తూ మిరపకాయ బజ్జీ తిన్నాను.

సారు తిరిగొచ్చాడు.

“ఏమప్పా, బాగా పడిందా?”

“వైరులోంచి నేరుగా పడింది సార్.”

“ఆపేయమంటావా మరి? ఇంగ మళ్లా రాదప్పా ఇది.”

“ఆపేయండి సార్. ఏం భయం ల్యా.”

ఆపేశాడు. నా చేతిని రెండు చేతులా పట్టుకున్నాడు. ఛీ, అప్పుడైనా నా నోరు పెగలకూడదా?

మర్నాడు కెమెరా టేపు వేసి చూసుకుంటే, టీవీ తెరను షూట్ చేస్తే పడే నల్లటి పట్టీ అక్షరాల మీద పాకుతోంది. అంతకన్నా ఘోరం, టీవీ అద్దంలో నేను. ఇప్ప పువ్వు నడుమ బజ్జీ నములుతున్న నా ముఖం. ఏం చేశానో తెలుసా? నేను కనబడకుండా పోయేదాకా బొమ్మను నల్లగా చేశాను. నాతోపాటు ఆయన పూలూ మసకబారాయి. అదే సీడీ ఇచ్చాను.

క్యాసెట్టు మళ్లీ పలకలేదు. తర్వాత ఎప్పుడు కలిసినా సారు తన పాత మిషన్‌నే తప్పుపట్టేవాడు, నన్ను ఒక్క మాట అనలేదు. అందుకు ఆయన మీద కూడా కోపం వచ్చేది. తిట్టొచ్చు కదా మనిషి! నాది బద్ధకమా, పొగరా? రెండూనా?

నల్లగా చేయని కెమెరా టేపు ఇంకా నా బీరువాలోనే ఉంది. అది పట్టుకుని ఆళ్లగడ్డ బస్సు ఎక్కలేదు, ఈ రోజుకీ. అందులో పట్టీ ఉన్నా పువ్వు రంగు తెలుస్తుంది, అక్షరం చదవొచ్చు. అదే ఇచ్చి ఉంటే ఏమయ్యేది? పిల్లలు నన్ను చూసి నవ్వుకుంటూ ఇ నేర్చుకునేవాళ్లు. ఆ నవ్వుకు భయపడి వాళ్ల అక్షరాలు ఆర్పేశాను.

ఆ ముఖం నాదే.