రాజు ఉంటే దేశం నిలుస్తుందా? కువైట్‌లో ఎనిమిది రోజులు

2007 ఫిబ్రవరిలో నేను కువైట్ వెళ్లడానికి కారణం మా చెల్లెలు సునీత. అక్కడొక ఆస్పత్రిలో ఆరేళ్లుగా నర్సు. భర్త ప్రసాద్‌నూ ఎనిమిదేళ్ల పాపనూ కాకినాడ నుంచి తెచ్చుకునే వీలు కుదిరింది. ప్రసాద్ ప్రభుత్వ బడిలో టీచరు. వెళ్లాలంటే ఉద్యోగం మానుకోవాలి.

"రాజు ఉన్న దేశం, ఏ గొడవా ఉండదంటన్నారు అందరూ. నువ్వు కాలేజీలో ఎకనామిక్స్ చెబుతావు గదన్నయ్యా, ఓసారొచ్చి చూసి చెబుదూ" అంది ఫోనులో.

రాజుల వల్ల దేశాలు బాగుపడతాయన్న మాట నేనెప్పుడూ నమ్మలేదు. అందుకే బయలుదేరాను.

హైదరాబాదులో మధ్యాహ్నం విమానమెక్కి, ముంబైలో మారి, కువైట్‌లో దిగేసరికి రాత్రి ఎనిమిది. పక్క సీట్లో అమలాపురం వైపు ఆవిడ, పదేళ్లుగా అక్కడ ఇంటిపని చేస్తోంది. "గోడ మీద పెద్దోళ్ల ఫొటోలు కనపడతాయండి. అందులో రాజుగారెవరో నన్నడక్కండి, నాకూ తెలీదు" అంది.

మర్నాడు పొద్దున తొమ్మిదికి బస్సులో సముద్రం ఒడ్డున షర్క్ అనే పేటకు వెళ్లాను. టికెట్టు పావు దీనారు కూడా లేదు. రోడ్లు అద్దాల్లా ఉన్నాయి. చేపల మార్కెట్‌లో అమ్మేవాళ్లు, కోసేవాళ్లు, మోసేవాళ్లు అందరూ పరాయి దేశస్థులే. ఇక్కడ జీతం మీద పన్ను లేదని ఇంటికొచ్చాక సునీత సంబరంగా చెప్పింది. నాకు మాత్రం అనుమానం పెరిగింది. పన్ను కట్టనివాడు లెక్క అడగగలడా అన్నాను. "పార్లమెంటుంది, ఆళ్లడుగుతారంట" అంది. రాజు ఎంత వరకు అడగనిస్తాడో ఆమెకు తెలియదు.

నాలుగో రోజు సాయంత్రం నాలుగింటికి ఒక కారు వచ్చింది. సునీత ఆస్పత్రిలో సేవ చేసిన ఒక కువైటీ పెద్దాయన మమ్మల్ని జహ్రాలోని తన ఇంటికి పిలిచాడు. డ్రైవరు ఖాదర్‌ది కడప. ముప్పావుగంట ప్రయాణం. సునీత ఆడవాళ్ల దగ్గరికి లోపలికి వెళ్లింది. నన్ను మగవాళ్లు కూర్చుని మాట్లాడుకునే పెద్దగదిలో, దివానియాలో, కూర్చోబెట్టారు. కాఫీ తెచ్చే పనీ ఖాదర్‌దే. కాస్త ఆలస్యమైతే పెద్దాయన కొడుకు ఖాదర్ మీద "యల్లా! యల్లా!" అని, త్వరగా తెమ్మని అరిచాడు.

పెద్దాయనకు హిందీ వచ్చు. కుర్రతనంలో బొంబాయికి సరుకు పడవల మీద వెళ్లేవాడట.

"షర్క్‌లో మాది మట్టి ఇల్లు. నాన్న ముత్యాల కోసం సముద్రంలో మునిగేవాడు. అప్పుడు ఇక్కడ చెల్లేది మీ రూపాయే. చాలా రోజులు ఖర్జూరాలతోనే కడుపు నింపుకున్నాం" అన్నాడు.

"అప్పుడు రాజెవరు?"

"ఇప్పుడేలుతున్న ఈ కుటుంబమే."

"రాజున్నా మరి ఆకలెందుకుంది?"

కొడుకు సెల్‌ఫోన్ లోంచి తలెత్తాడు. పెద్దాయన మాత్రం నవ్వాడు. "చమురు లేదు గనక."

గెలిచాననుకున్నాను. "అంటే మిమ్మల్ని పోషించింది చమురు, రాజు కాదు."

"ఉత్తరాన పొరుగువాణ్ణి చూడు, మా మీదికి దండెత్తి వచ్చినవాణ్ణి. వాళ్లకూ చమురుంది. రాజును ఎప్పుడో తీసేశారు. ఏం మిగిలింది? మా రాజులు చమురు డబ్బు పంచారు. నా మట్టి ఇంటికి మంచి ధర ఇచ్చి కొన్నారు, ఇక్కడ స్థలమిచ్చారు."

"పంచేవాడు చెడ్డవాడైతే?" అన్నాను.

పెద్దాయన కొడుకు వైపు చూసి, "దేవుడి దయ" అన్నాడు.

ఆరున్నరకు తిరుగు ప్రయాణం. ఈ రాజు మంచివాడేనా అని ఖాదర్‌ని అడిగాను.

"నాకు రాజంటే మా కఫీలే సార్, ఈ పెద్దాయనే. వీసా ఆయన పేరు మీదనే ఉండాది. బో మంచోడు. ఇరవై ఏండ్లలో ఒక్క మాట అనలేదు. ఆయన పోతే నా ఇఖామా, ఈడ ఉండనిచ్చే కాగితం, కొడుకు చేతికి పోతాది. ఆ పొద్దు ఎట్లుంటాదో ఎవురికి తెలుసు?"

వెనక సీట్లోంచి సునీత అంతా వింది. ఇంటికొచ్చి చేపల పులుసు వడ్డిస్తూ తనే తేల్చింది.

"నా ఉద్యోగం కాగితం మీదుందన్నయ్యా, కాంట్రాక్టు. ఖాదర్ భాయ్ బతుకు ఒకడి మనసు మీదుంది. కాగితమున్నంత కాలం పాప నా దగ్గరే ఉంటాది. దానికీ గడువుంటాది గదా, అందుకే పాప వాళ్ల నాన్నని ఉద్యోగం మానొద్దంటాను. సెలవు పెట్టి రమ్మంటాను."

ఎకనామిక్స్ చదవని చెల్లెలు లెక్క సరిగ్గానే వేసింది. నేను పులుసు కలుపుకున్నాను.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం రెండింటికి ఖాదరే విమానాశ్రయంలో దించాడు. పెద్దాయన బతికుండగానే కొడుకుతో ఏదో ఒక ఒప్పందం రాయించుకోమన్నాను.

"అట్ల అడిగితే నమ్మకం లేదనుకోడా సార్?" అంటూ నా పెట్టె ట్రాలీ మీద పెట్టాడు. ఫోన్ మోగింది. పెద్దాయన కొడుకు. ఖాదర్ పరుగులాంటి నడకతో కారు వైపు వెళ్లాడు.

విమానంలో చాలాసేపు ఆలోచించాను. రాజు వల్ల ఆ దేశానికి లాభమా అంటే నా అనుమానం తీరలేదు. పెద్దాయన మాటను కొట్టిపారేయనూ లేను. ఎనిమిది రోజులూ నేను దర్జాగా అనుమానపడ్డాను, తిరుగు టికెట్టు జేబులో ఉంది గనక. అది చేతిలో లేని ఖాదర్ మాత్రం నమ్మి తీరాలి. ఆ జూన్‌లో ప్రసాద్ జీతం లేకుండా అయిదేళ్ల సెలవు పెట్టి, పాపను తీసుకుని వెళ్లాడు.