గోడ మీద అత్త చెయ్యి

నాలుగువందల ఏళ్ళ ఆవిడ నన్ను చెంప మీద కొట్టింది. ఐదు వేళ్ళూ తేలాయి.

సరే, కాస్త వెనక్కి తగ్గుతాను. నాలుగువందలన్నది నా లెక్క కాదు, పుస్తకాలు రాసే చదువుకున్న మనిషి లెక్క. ఐదు వేళ్ళన్నది కూడా కొంచెం ఎక్కువే. తేలినవి నాలుగున్నర. ఆవిడ చిటికెన వేలు లోపలికి వంకర, పూర్తిగా ఆనదు. కొట్టడం మాత్రం నిజం. ఆవిడ అప్పుడే నున్నగా తీర్చిన తడి గచ్చు మీద నా కాన్వెంటు బూట్లతో ఈ చివర నుంచి ఆ చివరికి నడిచాను. ఆవిడ మా మేనత్త. ఆమె పనితనం చూసి మేస్త్రీలే పక్కకి జరిగి దారిచ్చేవారు. తాపీ ఎడమ చేత్తో పట్టేది. అందుకని దెబ్బ ఖాళీగా ఉన్న కుడిచేత్తో పడింది.

ఈ కథ ఆవిడ కొడుకుది, అంటే మా బావది. అతనూ తాపీమేస్త్రీయే. అరవై ఆరేళ్ళు. తల మీద వెంట్రుకల కన్నా సున్నం ఎక్కువ. గోడ నిట్టనిలువుగా ఉందో లేదో చెప్పడానికి తప్ప నోరు తెరవడు. అత్త ఫొటో ఇంట్లో ఒక్కటి కూడా లేదు. ఎవరైనా తీయబోతే "పని ఆపుకుని నీ ముందు నిలబడాలా?" అని కసిరేదట.

కిందటేడు పాత కోర్టు భవనంలో మూడు రోజుల చరిత్ర ఉత్సవం పెట్టారు. కోర్టు కాకముందు అది గిడ్డంగి, గిడ్డంగి కాకముందు ఎవరి మేడో. ఒక గదిలో ఓడల చరిత్ర చెబుతున్నారు, పక్క గదిలో ఉప్పు చరిత్ర, ఆ పైన జైళ్ళ చరిత్ర. ఉత్సవం అయ్యాక వెనక మెట్ల గోడ మొత్తం చెక్కి కొత్త పూత పూసే పని మా బావ ఒప్పుకున్నాడు. ఆ గోడ మీద నడుమెత్తున ఒక అరచేతి ముద్ర ఉంది. దాని మీదే ఒక చరిత్రకారిణి పుస్తకం రాస్తోంది.

"ఆవిడ ప్రసంగం విన్నాక తేలుస్తా" అన్నాడు పని ఇచ్చిన ఇంజనీరు. "నిజంగా పాతదైతే ఆ ముక్క వదిలెయ్. కాకపోతే అదీ చెక్కెయ్."

ఆ సాయంత్రం బావ మా ఇంటికొచ్చి కుర్చీలో కూలబడ్డాడు. "అది అమ్మ చెయ్యిరా" అన్నాడు.

అరవై ఆరేళ్ళ కిందట అత్త ఆ గోడకి మరమ్మతు చేసింది. నిండు నెలలు. లోపలి బిడ్డ తన్నితే తూలి, తడి పూత మీద చెయ్యి ఆనించింది. ఆ తన్నిన ఘనుడు మా బావే.

"మరి ఇంజనీరుకి చెప్పు బావా."

"చెబితే అరవై ఏళ్ళ పూత ఎవరిక్కావాలి? నా చేతే చెక్కిస్తాడు."

"అయితే చెప్పకు."

"చెప్పకపోతే మాత్రం? ఆవిడ చదువుకున్న మనిషి. ఇట్టే పట్టేస్తుంది."

ఇద్దరం వెళ్ళాం. నాలుగో వరసలో కూర్చున్నాం. వేదిక మీద రెండు కుర్చీలు. ఒకదాంట్లో ప్రశ్నలడిగే రేడియో ఆయన, రెండోదాంట్లో కళ్ళజోడు తాడుతో మెళ్ళో వేలాడేసుకున్న బక్కపల్చటి ఆవిడ. వెనక తెర మీద అత్త చెయ్యి, మనిషెత్తున. నా ఎడమ చెంప దానంతటదే చుర్రుమంది.

"ఒక్క చెయ్యి చూసి ఏం చెప్పగలరండీ?" అన్నాడు రేడియో ఆయన.

"ఇది కుడి చెయ్యి. పూత పూసేవాళ్ళు గోడకి ఆనించేది ఖాళీ చేతినే. కాబట్టి తాపీ ఎడమ చేతిలో ఉంది."

బావ నా మోకాలు పట్టుకున్నాడు.

"వేళ్ళ కొలతలు ఆడమనిషివి. చిటికెన వేలు ఎప్పుడో విరిగి వంకరగా అతుక్కుంది. మణికట్టు దగ్గర లోతు చూడండి, వేళ్ళు పక్కకి తిరిగాయి. పడిపోయేవాళ్ళు ఇలా ఆనుకోరు. బరువు మోస్తూ నిలదొక్కుకునేవాళ్ళు ఆనుకుంటారు. ఇక్కణ్ణించి సాక్ష్యం కాదు, నా ఊహ. ఆవిడ కడుపుతో ఉంది."

నేను పుట్టిన దగ్గర్నుంచీ కథలు అల్లుతున్నాను. ఒక్క కథతోనూ పోయిన మనిషిని ఇలా లేపి నిలబెట్టలేకపోయాను. నాలుగో వరసలో, ఆ కడుపులో ఉన్నవాడు నోరు తెరుచుకుని కూర్చున్నాడు.

"మోకాలు వదులు బావా" అన్నాను. "అది గోడ కాదు."

"ఎంత పాతదండీ?" అన్నాడు రేడియో ఆయన.

"గచ్చు ముక్క పరీక్షకి పంపాం. నాలుగువందల ఏళ్ళు."

బావ నా చెవి దగ్గరికి వంగాడు. "సున్నం చాలకపోతే, గోడ నుంచి రాలిన పాత గచ్చునే దంచి కలిపేది అమ్మ."

నేను నోట్లో రుమాలు కుక్కుకున్నాను. ముందు వరసలో ఇంజనీరు ఏదో రాసుకున్నాడు.

"ఒక్కటే అంతుపట్టలేదు" అంది ఆవిడ. "చేతిలో తాపీ ఉంది. ఒక్కసారి లాగితే ఈ ముద్ర పోయేది. ఎందుకు చెరపలేదు? పదకొండేళ్ళుగా ఆలోచిస్తున్నాను."

నొప్పులొచ్చాయి, అందుకు. అత్తని అట్నించటే మోసుకెళ్ళారు. పచ్చి బాలింత తిరిగొచ్చేసరికి గోడ ఆరిపోయింది. ఆ సంగతి హాల్లో బావకి తెలుసు, బావకి తెలుసని నాకు తెలుసు.

ప్రశ్నలకి మైకు తిప్పారు. పెళ్ళిచూపుల్లో కూడా నోరు విప్పని మనిషి చెయ్యెత్తి లేచి నిలబడ్డాడు.

"అమ్మా, ఆవిడ పని బాగా చేసిందాండీ?"

చరిత్రకారిణి కళ్ళజోడు పెట్టుకుని చూసింది. "అన్నేళ్ళ వానలకి చుట్టూ అంతా ఊడిందండీ. ఆవిడ పూసిన మేర ఊడలేదు."

"ఎందుకు చెరపలేదంటే..." అన్నాడు బావ.

ఆవిడ కుర్చీ అంచుకి జరిగింది. "చెప్పండి. మీకేం తోస్తోంది?"

ఇంజనీరు వెనక్కి తిరిగి చూశాడు. మైకులోంచి బావ ఊపిరి హాలంతా వినపడింది. పదకొండేళ్ళ ప్రశ్నకి జవాబు ఆ గొంతులో ఉంది. అది బయటికొస్తే గోడ మీద చెయ్యి ఉండదు.

"నాకేం తెలుస్తుందండీ, గోడలు పూసుకునేవాణ్ణి" అని మైకు ఇచ్చేశాడు.

ఉత్సవం అయ్యాక బావ గోడంతా చెక్కి, ఆ ముక్క వదిలి, దాని మీద అద్దం తనే బిగించాడు. నాలుగంటే నాలుగు మరలు. అరగంట పని, మధ్యాహ్నం దాకా చేశాడు. కింద రేకు మీద "పేరు తెలియని స్త్రీ, నాలుగువందల ఏళ్ళ కిందట" అని ఉంది. దాన్నీ తనే మెరిసేలా తుడిచాడు.

ఇదంతా రాసి నిన్న బావకి చదివి వినిపించాను. తాపీ కడుక్కుంటూ చివరిదాకా విన్నాడు.

"అబద్ధం" అన్నాడు. "మా అమ్మ ఆ మెట్లే ఎక్కలేదు. నేను పుట్టింది వేరే ఊళ్ళో. ఆ చెయ్యి నాలుగువందల ఏళ్ళది, ఇంజనీరు సంతకం కూడా పెట్టాడు. నిన్ను కొట్టింది మీ అమ్మ."