ఆపి ఉంచిన ప్యాకేజీ

ఇన్నేళ్లుగా ఒక మాటను లోపలే పెట్టుకుని డ్యూటీకి వెళ్లి వస్తున్నాను. దాన్ని బరువు అనాలో, మొద్దుబారడం అనాలో తెలియదు. మీరు నన్ను ఎరగరు. అందుకే మీకు చెబుతున్నాను.

గోదావరిఖని దగ్గర ఒక గని ఆఫీసులో నాది కంప్యూటర్ల పని. కార్మికుల హాజరు, అంటే మస్టర్లు, ఎక్కే లినక్స్ సర్వర్‌ను మొదటి నుంచీ నేనే చూసుకున్నాను. ఒకరోజు మేనేజరు అందరి ముందు, "మీరిక ప్రింటర్లు చూసుకోండి. సర్వర్ రజిత చూస్తుందిలెండి," అన్నాడు. ఎవరో నవ్వారు. ఎవరో నాకు తెలుసు. ఆ నవ్వును మరిచిపోలేదు, మరిచిపోను.

రజిత కాంట్రాక్టు మీద వచ్చిన అమ్మాయి. వాళ్ల నాన్న గనిలో నడుము విరిగి మంచాన పడ్డాడు. ఇల్లు ఆమె జీతం మీదే నడిచేది. నవ్వింది ఆమె కాదు. మరి ఆమె మీద కక్ష ఎందుకు?

ఒక ఆదివారం, గనికి సెలవు చూసుకుని, సర్వర్‌లోని సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలన్నీ అప్‌డేట్ చేయడానికి కూర్చుంది. ప్రింటర్ విప్పుతున్న నన్ను పిలిచింది.

"అన్నా, గీ డేటాబేస్ ప్యాకేజీ ఒక్కటి హోల్డ్‌ల ఉన్నది. తియ్యాల్నా, ఉంచాల్నా?"

"ఇంచార్జివి నువ్వా, నేనా? పాతది పట్టుకొని ఏం జేస్తవ్? తీసెయ్."

"గా కోపమంత ప్రింటర్ మీద సూపియ్యన్నా, జల్ది బాగైతది," అని నవ్వి, తీసేసింది.

మా హాజరు ప్రోగ్రామ్ ఆ పాత వెర్షన్‌తో తప్ప నడవదు. అందుకే దాన్ని అప్‌డేట్ కాకుండా ఆపి ఉంచింది నేనే. మా బాపు బొగ్గు తీసిన మనిషి. షిఫ్టు మారేటప్పుడు, ఎదురొచ్చేవాడు పగవాడైనా సరే, గని కప్పు ఎక్కడ వదులుగా ఉందో చెప్పాకే పైకి రావాలనేవాడు. గనిలో దిగే ప్రతివాడూ చేసే పని అది. నేను చెప్పకపోవడమే కాదు, వదులుగా ఉన్న చోటికే ఆమెను పంపాను.

సోమవారం మొదటి షిఫ్టు వాళ్లు వేలు పెడితే హాజరు మిషన్ తీసుకోలేదు. "మా మస్టర్లు ఏమైనయ్?" అని కిటికీ దగ్గర అరుపులు. మేనేజరు గదిలో రజిత, "హోల్డ్ నేనే తీసిన సార్," అంది. నా పేరు ఎత్తలేదు. ఒక్కసారి నా వైపు చూసింది. నా అంతట నేనే చెబుతానని అనుకుందా? నేను గోడ వైపు చూశాను.

ఆమెను మాన్పించారు. పాత వెర్షన్ తిరిగి ఎక్కించి సరిచేసింది నేను. మెచ్చుకున్నారు, సర్వర్ మళ్లీ నాకే ఇచ్చారు. నేను కోరుకున్నది అదే. అయినా సంతోషం కలగలేదు. దుఃఖమూ కలగలేదు. ఏమీ కలగకపోవడమే ఇప్పటిదాకా ఉంది.

ఇప్పుడామె చౌరస్తాలో జిరాక్స్ షాపులో పనిచేస్తోంది. కనిపిస్తే, "బాగున్నవా అన్నా?" అంటుంది. బాగున్నానంటాను.

క్షమించమని అడగడం లేదు. మేనేజరు మీద కోపం పోలేదు, పోవాలనీ లేదు. అది వేరు, ఇది వేరు. రజిత తప్పు చేయలేదు. తీసెయ్యమన్నది నేను. తీస్తే ఏమవుతుందో తెలిసే అన్నాను.